చదవని వాక్యం

జ్యూరీ ఎంపిక కోసం ఆ సోమవారం ఉదయం కోర్టుకు పిలిచిన నలభై ఇద్దరిలో కోటు తొడుక్కుని, టై కట్టుకుని వచ్చినవాడు ఆల్డెన్ విట్‌లాక్ ఒక్కడే. ఆయన ముప్పైయొక్క సంవత్సరాలు ఆ ఊరి హైస్కూల్లో పౌరశాస్త్రం బోధించాడు. జ్యూరీలో పన్నెండుమంది ఎందుకుంటారో, ఆ పన్నెండుమందీ ఒక్క మాటమీద ఉండాలని చట్టం ఎందుకు పట్టుబడుతుందో బల్లమీద గీసి చూపించినవాడే కాని, తన పేరుమీద కోర్టు కాగితం రావడం డెబ్బైనాలుగో ఏట ఇదే మొదలు. ఆ కాగితాన్ని మూడు వారాలుగా వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచుకున్నాడు. కాఫీ కలుపుకున్నప్పుడల్లా దానివైపు చూసేవాడు.

పక్క కుర్చీలో కూర్చున్న గార్నర్ బ్లై ఒకప్పటి శిష్యుడే. ఇప్పుడు ఊళ్ళో ఇళ్ళను వెచ్చబెట్టే గ్యాస్ సరఫరా చేస్తున్నాడు.

"మాస్టారూ, మీరు పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. నేనేమో తప్పించుకునే దారి వెతుక్కుంటున్నా. చలి మొదలైంది, ట్యాంకులు నింపమని ఊరంతా నా పీక మీద కూర్చుంది."

"అడిగిన ప్రశ్నకు నిజం చెప్పు, గార్నర్. నువ్వు అక్కర్లేదనుకుంటే వాళ్ళే పంపిస్తారు."

"నిజం చెబితే పంపిస్తారా? మీ క్లాసులో ఎన్నిసార్లు నిజం చెప్పాను, ఒక్కసారైనా పంపించారా?"

గుమాస్తా డబ్బాలోంచి పేర్లు తీసి చదవసాగాడు. చదివిన వరుసలో ఒక్కొక్కరే వెళ్ళి జ్యూరీ కుర్చీల్లో కూర్చున్నారు. నాలుగో కుర్చీ ఓపల్ గ్రీర్ అనే ఆవిడకు వచ్చింది. బట్టలు ఉతికి ఇస్త్రీచేసే దుకాణంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నానని ఆమె తన గురించి చెప్పుకుంది. ఆరోది బ్లైకి వచ్చింది. వెనక వరుసలో తొమ్మిదో కుర్చీ విట్‌లాక్‌ది.

జడ్జి ఆకర్‌మన్ కేసు సంగతి క్లుప్తంగా చెప్పాడు. ముద్దాయి వెర్లీన్ ఓడమ్. వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళకు స్నానం చేయించి, మందులిచ్చి, కనిపెట్టుకుని ఉండే పని ఆమెది. ఎనభయ్యారేళ్ళ మిసెస్ హార్ట్‌సెల్ ఇంట్లో కెంపులు పొదిగిన బ్రోచి, అంటే కోటుకు గుచ్చుకునే నగ, ఒకటి దొంగిలించిందని ఆమెమీద నేరారోపణ. తన పేరు విని ఆమె లేచి నిలబడింది. నలభై దాటిన మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ముందుకు కట్టుకుంది.

"మీ ఇళ్ళలో జీతానికి వచ్చి పనిచేసినవాళ్ళెవరైనా దొంగతనం చేసిన అనుభవం ఎవరికైనా ఉంటే చెయ్యెత్తండి," అన్నాడు జడ్జి.

మూడు చేతులు లేచాయి. వారిలో ఒకావిడ, "మా అమ్మ దగ్గరికి వచ్చింది గాజులు పట్టుకుపోయిందండీ. ఆ పని చేసేవాళ్ళని ఎవర్నీ నమ్మను," అని తెగేసి చెప్పింది. జడ్జి ఆమెను అక్కడికక్కడే తొలగించాడు.

విట్‌లాక్ చెయ్యి మోకాలిమీదే ఉండిపోయింది. ఆరేళ్ళ క్రితం ఆయన భార్య ఐడా మంచంలో ఉండగా రోజెట్టా అనే ఆమె ఎనిమిది నెలలపాటు వచ్చి చూసుకునేది. ఐడా బంగారు గడియారం ఒకనాడు కనబడలేదు. ఆయన గట్టిగా అడగలేదు. ఏమీ అనకుండా వంటింటి బల్లవైపు చూశాడు, అంతే. రోజెట్టా తన చేతిసంచిని ఆ బల్లమీద తలకిందులుగా కుమ్మరించింది. దువ్వెన, తాళాలు, సగం తిన్న బిస్కెట్ పొట్లం, చిల్లర. గడియారం లేదు. అయినా ఆయన ఆమె పనిచేసే కంపెనీకి ఫోన్ చేశాడు. ఆమె మళ్ళీ రాలేదు. ఐడా పోయిన మరుసటి చలికాలం, ఆమె కోటును చర్చికి ఇచ్చేద్దామని మడతపెడుతుంటే అస్తరు లోపల చేతికి గట్టిగా ఏదో తగిలింది. గడియారం. ఆ సంగతి ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పరీక్షపత్రాలు దిద్దిన అలవాటుకొద్దీ జడ్జి ప్రశ్నను ఆయన మాటమాటా విడదీసి చూసుకున్నాడు. దొంగతనం జరిగిందా? జరగలేదు. జరగలేదు కనుక చెయ్యెత్తవలసిన పని లేదు. తర్కం సరిగ్గానే ఉంది. దానితో ఆయనకు కొంత ఊరట కలిగింది.

తరవాత ముద్దాయి తరఫు న్యాయవాది లేచింది. కోర్టు నియమించిన యువతి, మిస్ ఫెరిస్. ఆమె కూడా విట్‌లాక్ దగ్గర చదువుకున్నదే. ఆ మాట ముందుగా తానే జడ్జికి విన్నవించింది. తీర్పుకు అది అడ్డురాదని విట్‌లాక్ చెప్పాడు.

"మాస్టారూ, మేం అడగనిది, అయినా ఈ కేసులో కూర్చునే మనిషి గురించి మాకు తెలియాల్సింది ఇంకేమైనా ఉందాండీ?"

నిమిషంలో వెయ్యోవంతుపాటు ఆ వంటింటి బల్ల ఆయన కళ్ళముందు నిలిచింది.

"ఏమీ లేదమ్మా."

ప్రాసిక్యూటరుకు అభ్యంతరం లేకపోయింది. పెద్దావిడ నగ పోయిన కేసులో పెద్దాయన కూర్చోవడం ఆయనకు అనుకూలమే. కారణం చూపకుండా ఇంకొకరిని తీసివేసే హక్కు ఫెరిస్‌కు మిగిలే ఉంది. ఆమె కాగితం మీదికి వంగి, పెన్సిలు తొమ్మిదో అంకె దగ్గర ఆపి, దానిని దాటి పదకొండో అంకెను కొట్టివేసింది. ముద్దాయి చెవిలో ఏదో చెప్పింది. వెర్లీన్ తలెత్తి విట్‌లాక్‌ను చూసి, కొత్తవాళ్ళ ఇంట్లో కుర్చీ చూపించినప్పుడు చూసినట్టు, కృతజ్ఞతగా తల వంచింది.

సాయంత్రం నాలుగింటికి పన్నెండుమందీ, వారితోపాటు అవసరమైతే కూర్చోవడానికి ఎంపికైన మరొక అతనూ చేతులెత్తి ప్రమాణం చేశారు. అందరిలోకీ స్పష్టంగా వినిపించిన గొంతు విట్‌లాక్‌దే.

మంగళ, బుధవారాలు సాక్షుల విచారణ సాగింది. కేసు చూడబోతే చిన్నది. ఆదివారం బ్రోచి సొరుగులోని పెట్టెలో ఉండడం మిసెస్ హార్ట్‌సెల్ కూతురు చూసింది. గురువారానికి లేదు. మధ్యలో ఆ ఇంటికి వచ్చిన పరాయి మనిషి వెర్లీన్ ఒక్కతే. ఆ సొరుగు తాను ముట్టనేలేదని మొదట పోలీసులతో చెప్పింది. రెండు రోజుల తరవాత, చేతిరుమాళ్ళు అందులోనే సర్దానని చెప్పింది. నగ ఆమె దగ్గర దొరకలేదు. అమ్మినట్టు ఆధారమూ లేదు. ప్రాసిక్యూటరు ఆ రెండు మాటల తేడామీదే కేసంతా నిలబెట్టాడు.

"ముట్టలేదని ఎందుకన్నావు?" అని ఆయన అడిగాడు.

"భయమేసిందండి," అంది వెర్లీన్. "మా పనిలో ఏదన్నా పోతే మొదట మా సంచే చూస్తారు."

విట్‌లాక్ తన చేతిలోని నోటుపుస్తకంలో 'రెండు వాంగ్మూలాలు' అని రాసుకుని కింద గీత గీశాడు. గీత కావలసినదానికంటె లోతుగా పడింది.

మిసెస్ హార్ట్‌సెల్ సాక్ష్యం ముగిసింది. సాక్షి పీఠానికి ఒక మెట్టు ఉంది. ఆవిడ దిగబోతూ కర్ర ఎక్కడ ఆనించాలో తెలియక తడబడింది. అంతే, ముద్దాయి బల్లదగ్గర కూర్చున్న వెర్లీన్ సగం లేచి, రెండు చేతులూ ముందుకు చాచింది. ఒక చెయ్యి మోచేతికింద పట్టుకోవడానికి, రెండోది నడుము వెనక ఆసరాకు. మధ్యలో పదిహేనడుగుల దూరం ఉంది. ఫెరిస్ కొంగు లాగినట్టు ఆమె చొక్కా చేయి పట్టి కూర్చోబెట్టింది. కోర్టు జవాను వెళ్ళి ముసలావిడను దింపాడు. వెర్లీన్ చేతులు ఇంకా ఆ ఎత్తులోనే ఉన్నాయి. అది గమనించుకుని ఆమె సిగ్గుపడి వాటిని బల్లకిందికి దించుకుంది.

విట్‌లాక్ నోటుపుస్తకం పేజీ తిప్పాడు. తిప్పిన పేజీలో ఏమీ లేదు.

గురువారం ఉదయం జ్యూరీ గది తలుపు వేయగానే, "జ్యూరీ పెద్దరికం మాస్టారిదే, ఇంకెవరిది," అన్నాడు బ్లై. ఎవరూ కాదనలేదు. బల్ల చివరి కుర్చీలో విట్‌లాక్ కూర్చున్నాడు. జడ్జి తన సూచనలను అచ్చువేయించి పంపిన కాగితాల కట్ట ఒక్కటే. అది ఆయన ముందుకు వచ్చింది.

చీటీలు వేయిస్తే తొమ్మిది దోషి అని, మూడు కాదని వచ్చాయి. మధ్యాహ్న భోజనం వచ్చేసరికి ఆ మూడింట్లో ఒక్కటే మిగిలింది, ఓపల్‌ది.

"ఓపల్, నీ వల్ల మేమంతా ఈ చల్లారిన శాండ్‌విచ్‌లు తినాల్సి వస్తోంది," అన్నాడు బ్లై.

"నాకు బానే ఉన్నాయి. మా ఆయన వండినవి తింటే ఇవి పండగ భోజనం అనుకుంటావ్."

"అది కాదమ్మా. అబద్ధమాడిందా లేదా? పోలీసుల ముందు?"

"ఆడింది. భయపడి ఆడింది. నిన్ను ఊరికే నిలబెట్టి నీ జేబులు చూపించమంటే నువ్వేం పాటపాడతావా?"

విట్‌లాక్ గొంతు సవరించుకున్నాడు. "నగ ఎక్కడికి పోయిందంటారు మీరు? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

ఓపల్ తన శాండ్‌విచ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోటితో అంచు నొక్కింది. ఆ వేళ్ళు ఆవిరికి ఎర్రబారి, చివర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"మాస్టారూ, నా పనేంటో చెప్తాను వినండి. బట్టలు మిషన్లో వెయ్యకముందు ప్రతి కోటూ తడిమి చూడాలి. జేబు ఒక్కటే చూస్తే చాలదు. జేబుకి చిల్లి పడుద్ది. అందులోది అస్తరులోకి జారుద్ది. జారి కింద అంచు దగ్గర కూర్చుంటది. పైనుంచి చూస్తే బ్రహ్మకి కూడా తెలీదు. ముసలాళ్ళ కోట్లలో నాకు దొరకంది లేదు. ఉంగరాలు, తాళాలు, ఒకసారి ఒకాయన కట్టుడుపళ్ళు. ఇంట్లోవాళ్ళు ముందే ఎవరో ఒకరిమీద నింద వేసేసి ఉంటారు. వస్తువు తీసుకెళ్ళి ఇస్తే మొహాలు చూడాలి."

ఒకరిద్దరు నవ్వారు. పదకొండో కుర్చీలో వచ్చి చేరిన కుర్రవాడు, "మా బామ్మ కూడా అంతే," అని నసిగాడు.

విట్‌లాక్ నవ్వలేదు. అరచేతిలో ఆ ఉన్ని కోటు బరువు, అస్తరు వెనక ఆ గుండ్రటి గట్టిదనం మళ్ళీ తగిలాయి. ఈమెకు తెలుసునా అనిపించింది. తెలియడానికి వీల్లేదు. ఆ కోటును ఆయన ఏ దుకాణానికీ ఇవ్వలేదు. అయినా ఆమె 'మొహాలు చూడాలి' అన్నప్పుడు తన ముఖం ఎలా ఉందో ఆయనకు తెలియలేదు. ఆమె మాట ఆగాలి. అంతవరకే ఆయనకు స్పష్టంగా ఉంది. వెర్లీన్ దోషి కాకపోతే, దోషి కానివాళ్ళు ఇంకా ఉంటారు.

కాగితాల కట్ట తీసి మూడో పేజీ తిప్పాడు.

"మనం ఇక్కడ మనకు తోచిన కథలు చెప్పుకోవడానికి కూర్చోలేదు," అని, క్లాసులో చదివినట్టే నిదానంగా చదివాడు. "'మీ నిర్ణయం ఈ న్యాయస్థానంలో ప్రవేశపెట్టిన సాక్ష్యంమీద మాత్రమే ఆధారపడి ఉండవలెను.' కోటు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పారా? అస్తరు గురించి చెప్పారా?"

"లేదనుకోండి."

"అయితే మీరు దుకాణంలో చూసినవి ఇక్కడికి తేవడానికి చట్టం ఒప్పుకోదు."

ఓపల్ ఆ కాగితం వైపు చూసింది. "అంతేనా మాస్టారూ? దాని తరవాత ఇంకేం రాయలేదా?"

ఆ వాక్యం కిందనే రెండోది ఉంది. 'అయితే మీ జీవితానుభవాన్ని, లోకజ్ఞానాన్ని గది బయట విడిచిపెట్టి రానక్కరలేదు. సాక్ష్యాన్ని తూచుటకు వాటిని వినియోగించవచ్చును.' ఆయన బొటనవేలు దానిమీద ఉంది. అక్కడ అది పొరపాటున పడలేదు.

"అంతే," అన్నాడు.

ఓపల్ శాండ్‌విచ్ కాగితాన్ని పక్కకు తోసింది. "నేను పదో క్లాసులో చదువు మానేసినదాన్ని. మీరు చదివి చెప్తుంటే కాదనడానికి నేనెవర్ని? సరే, రాసుకోండి."

"హమ్మయ్య," అని బ్లై కోటు అందుకున్నాడు. విట్‌లాక్ తీర్పు కాగితంమీద జ్యూరీ పెద్దగా సంతకం చేశాడు. సంతకం అచ్చుపోసినట్టు అందంగా వచ్చింది.

కోర్టులో గుమాస్తా తీర్పు చదివాడు. దోషి. వెర్లీన్ ఏడవలేదు. వినబడనట్టు గుమాస్తా నోటివైపే చూస్తూ ఉండిపోయింది.

"జ్యూరీ సభ్యులను విడివిడిగా ప్రశ్నించవలసిందిగా కోరుతున్నాను," అంది ఫెరిస్. అది ఓడిన పక్షం ప్రతిసారీ కోరేదే. ఇదే మీ తీర్పా అని ఒక్కొక్కరినీ అడుగుతారు, అవునంటారు, అయిపోతుంది. ఈ సంగతి ఆమెకు నేర్పింది విట్‌లాకే.

ఒకటి, అవును. రెండు, అవును. మూడు, అవును.

"నాలుగో సభ్యురాలు, ఇది మీ తీర్పేనా?"

ఓపల్ వెర్లీన్ వైపు చూసి, చూపు తిప్పి విట్‌లాక్ వైపు చూసింది. పరీక్షలో జవాబు సరిగ్గా రాశానా అని అడిగినట్టుంది ఆ చూపు. "అవునండి."

ఐదు. ఆరు. బ్లై గొంతు పెద్దది. ఏడు.

ఫెరిస్ ఎడమచెయ్యి ఇందాకటినుంచి వెర్లీన్ వీపుమీద ఉంది. ఎనిమిదో సభ్యుడు అవుననే సమయానికి ఆమె తలెత్తి తన పాత మాస్టారిని చూసింది. ఆ చూపులో కోపం లేదు, నింద లేదు. ఆయన సంతకం పెట్టాడంటే తనకు కనబడనిది ఆయనకేదో కనబడి ఉంటుంది అన్న ఆలోచన మాత్రమే ఉంది. ఆ ఆలోచన ఆమెలో కుదురుకోవడం ఆయన కళ్ళారా చూశాడు. వెర్లీన్ వీపుమీది చెయ్యి మెల్లగా జారి, బల్లమీదికి వచ్చి, పెన్ను పట్టుకుంది.

"తొమ్మిదో సభ్యుడు, ఇది మీ తీర్పేనా?"

విట్‌లాక్ నోరు తెరిచాడు. ఫెరిస్ చేతిలోని పెన్నువైపు చూశాడు.

"మిస్టర్ విట్‌లాక్?"

"కాదు."

గుమాస్తా తల ఎత్తాడు. జడ్జి కళ్ళజోడు సవరించుకున్నాడు. "జ్యూరీ పెద్దగా సంతకం చేసింది మీరే కదా. ప్రశ్న అర్థమైందా? మళ్ళీ అడుగుతాను."

"అర్థమైందండీ. సంతకం నాది. తీర్పు నాది కాదు."

తీర్పు నమోదు కాలేదు. మళ్ళీ ఆలోచించమని జడ్జి పన్నెండుమందినీ గదికి పంపాడు.

తలుపు మూసీ మూయకముందే బ్లై అందుకున్నాడు. "ఏంటిది మాస్టారూ? పొద్దుట్నుంచి ఆవిణ్ణి వంచింది మీరు. వంగాక మీరు లేచి కూర్చున్నారు. ఇదేమన్నా ఆటా?"

విట్‌లాక్ బల్ల చివరి కుర్చీ దగ్గరకు వెళ్ళలేదు. కాగితాల కట్ట తెచ్చి, మూడో పేజీ తీసి ఓపల్ ముందు పెట్టాడు.

"నేను చదివినదాని కింది వాక్యం చదవండి. పైకి చదవండి."

ఆమె వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. చివరికొచ్చి మళ్ళీ మొదటినుంచి తనలో తాను చదువుకుంది.

"ఇది ఇక్కడే ఉందా ఇందాక?"

"ఉంది."

"మీకు కనబళ్ళేదా?"

"కనబడింది."

ఓపల్ ముఖం కందిపోయింది. కోపగించుకుంటుందని ఆయన ఎదురుచూశాడు. కోపమైతే భరించడం సులువు. ఆమె ఆయన తరఫున తనే సిగ్గుపడుతున్నట్టు తలవంచుకుని, కాగితం అంచులు సరిచేసి, దాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

"నాకు అర్థం కాదని అనుకున్నారు," అంది.

"కాదమ్మా. అర్థమవుతుందనే."

బ్లై కూర్చున్నాడు. విట్‌లాక్ కిటికీ అరుగుమీద కాగితం పెట్టి నిలబడే నాలుగు ముక్కలు రాశాడు. ఎంపికనాడు తనను అడిగిన ప్రశ్నకు తాను నిజం చెప్పలేదని, జడ్జిగారితో మాట్లాడవలసి ఉందని. మడిచి తలుపు తట్టి జవానుకిచ్చాడు.

పావుగంట తరవాత ఆయనను ఒక్కడినే కోర్టులోకి పిలిచారు. జ్యూరీ కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ప్రాసిక్యూటరు, ఫెరిస్, వెర్లీన్ తమ బల్లల దగ్గర ఉన్నారు. ప్రతి మాటా యంత్రంమీద ఎక్కించే ఆమె తన చోట సిద్ధంగా కూర్చుంది. ఆయనను తొమ్మిదో కుర్చీలో కాక, సాక్షి పీఠంమీద కూర్చోబెట్టారు.

చెప్పాడు. గడియారం, వంటింటి బల్ల, సంచి, ఫోను, కోటు. జడ్జి సూచనల్లో వాక్యం వదిలిన సంగతీ చెప్పాడు. జీవితమంతా ఆయన గొంతు గదిలో చివరి బెంచీదాకా వినబడేది. ఇప్పుడు యంత్రం దగ్గరి ఆమె రెండుసార్లు, కాస్త గట్టిగా చెప్పమని కోరవలసి వచ్చింది. ఫెరిస్ తల ఎత్తలేదు. రాసుకుంటున్నట్టు కనిపించింది గాని, పెన్ను కదలడం లేదు.

"మిమ్మల్ని జ్యూరీనుంచి తొలగిస్తున్నాను," అన్నాడు జడ్జి. "మీ స్థానంలో అదనపు సభ్యుడు కూర్చుంటాడు. ఆలోచన మొదటినుంచి మొదలవుతుంది. సూచనలన్నీ నేనే మళ్ళీ వారికి చదివి వినిపిస్తాను, ఒక్క వాక్యం విడవకుండా." ఆయన గొంతులో కాఠిన్యం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "రికార్డు కోసం ఒక్క విషయం. మీ ఇంట్లో పనిచేసినామె పేరు?"

"రోజెట్టా."

"ఇంటిపేరు?"

విట్‌లాక్ నోరు తెరిచాడు. ఎనిమిది నెలలు. పొద్దున్న ఏడింటికి వెనక తలుపు చప్పుడు, పొయ్యిమీద గంజి, ఐడా నవ్వు. ఆమె రొట్టెమీద వెన్న అంచులదాకా రాసేది. వర్షం పడితే చెప్పులు బయటే విడిచేది. ఇవన్నీ గుర్తున్నాయి. ఫోన్లో కంపెనీవాళ్ళతో ఆయన 'ఆ రోజెట్టా' అన్నాడు. అంతకుమించి ఎన్నడూ అడగలేదు.

యంత్రంమీద వేళ్ళు ఆగి ఉన్నాయి.

"నాకు తెలియదండీ," అన్నాడు.

"టిబ్స్," అన్న మాట వినిపించింది.

ముద్దాయి బల్ల దగ్గర వెర్లీన్ తన చేతులవైపే చూసుకుంటూ అంది. ఆమె మాట్లాడకూడదు. ఫెరిస్ కంగారుగా ఆమె మోచెయ్యి పట్టుకుంది. వెర్లీన్ ఆగలేదు.

"రోజెట్టా టిబ్స్. మేమిద్దరం ఒకే కంపెనీ. ఆ ఫోను తరవాత ఎవరూ పని ఇవ్వలేదు. ఇప్పుడు కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది."

జడ్జి ఆమెను మందలిస్తాడని అందరూ చూశారు. ఆయన మందలించలేదు. సాక్షి పీఠంవైపు తిరిగాడు.

"రికార్డులోకి వెళ్ళాలంటే సాక్షి నోట రావాలి."

విట్‌లాక్ మొదటిసారి వెర్లీన్ ముఖంలోకి నేరుగా చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"రోజెట్టా టిబ్స్," అన్నాడాయన.

యంత్రంమీద వేళ్ళు కదిలాయి.